చివరి ముగ్గురికి మెమోలు ఇస్తే పాలు పులవకుండా ఉంటాయా?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలోని ఒక ప్రైవేటు డెయిరీలో పాల సేకరణ విభాగం మేనేజరుగా పనిచేస్తున్నాను. నా కింద పది రూట్లు, పదిమంది సూపర్‌వైజర్లు ఉన్నారు. అన్ని రూట్లూ దాదాపు ఒకే సంఖ్యలో క్యాన్లు తెస్తాయి. డెయిరీ గేటు దగ్గర పరీక్షలో పులిసినట్టు తేలే క్యాన్లు రూటుకు సగటున జనవరిలో 5, మార్చిలో 8, ఏప్రిల్‌లో 9 వచ్చాయి. ఏప్రిల్ లెక్క రూట్ల వరుసలో ఇది: 7, 12, 9, 5, 14, 8, 10, 6, 11, 8. మా ఎండీ గారు జనవరి నుంచి ర్యాంకుల పద్ధతి పెట్టారు. మొదటి స్థానంలో ఉన్నవారికి బహుమతి, చివరి ముగ్గురికి 1,000 రూపాయల కోతతో మెమో. ఏడాదిలో మూడు మెమోలు వస్తే ఉద్యోగం నుంచి తీసేయాలి. 5వ రూటు సూపర్‌వైజరుకు ఇప్పటికే మూడు వచ్చాయి, ఈ నెలాఖరులో ఆయన సంగతి తేల్చాలి. ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. మెమో అందుకున్నవాళ్ల లెక్క మరుసటి నెలలో తగ్గుతోంది కాబట్టి పద్ధతి పనిచేస్తోందని ఎండీ గారు అంటున్నారు. బండ్లకు జీపీఎస్, కేంద్రాల్లో కెమెరాలు కూడా పెట్టించబోతున్నారు. కరెంటు పోతే జనరేటరుకు డీజిల్ పోయించడానికి కూడా సూపర్‌వైజరు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. అయినా మొత్తం లెక్క పెరుగుతూనే ఉంది. మా ప్రొడక్షన్ విభాగం మాత్రం ఫిబ్రవరి నుంచి బాయిలరులో మండించే ఊక ఖర్చు బాగా తగ్గించి మెప్పు పొందింది. నేను మెత్తగా ఉంటున్నానా? అదుపు ఇంకా బిగించడం ఎలా?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, మీరు పది రూట్ల అంకెలనూ దాచకుండా రాయడం. సలహా అడిగేవారు సాధారణంగా అభిప్రాయాలు పంపుతారు, లెక్కలు పంపరు. మీరు లెక్కలు పంపారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను, మెత్తదనం సంగతి తరువాత చూద్దాం.

ఏప్రిల్‌లో పది రూట్లకు కలిపి 90 క్యాన్లు పులిశాయి, అంటే రూటుకు సగటున 9. 4వ రూటుకు 5 వచ్చాయి కాబట్టి బహుమతి ఇచ్చారు. 5వ రూటుకు 14 వచ్చాయి కాబట్టి మెమో ఇచ్చారు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పదిమందీ ఒకే రకంగా, ఒకే శ్రద్ధతో పనిచేసినా ఈ మాత్రం తేడా దానంతటదే రాదా? దీనికి సమాధానం చెప్పే పద్ధతిని 1924లో అమెరికాలోని టెలిఫోను పరికరాల పరిశ్రమలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ అనే భౌతికశాస్త్రవేత్త తయారు చేశాడు. మీ వంటి లెక్కకు అది ఎంతో సులువు. సగటుకు వర్గమూలం తీసి, దానికి మూడు రెట్లు చేసి, ఆ సంఖ్యను సగటుకు కలిపితే పై హద్దు, సగటు నుంచి తీసేస్తే కింది హద్దు వస్తాయి. 9కి వర్గమూలం 3, దానికి మూడు రెట్లు 9. కాబట్టి మీ హద్దులు సున్నా నుంచి 18 వరకు. మీ పది రూట్లూ ఆ హద్దుల లోపలే ఉన్నాయి. అంటే 5కీ 14కీ మధ్య తేడా సూపర్‌వైజర్ల తేడా అని చెప్పడానికి ఈ పట్టికలో ఆధారం లేదు. పైగా ఈ సూత్రం ఒక్కొక్క క్యాను విడిగా పులుస్తుందని అనుకుని చేసే లెక్క. నిజానికి బండి ఆలస్యమైతే అందులోని క్యాన్లు గుంపుగా పులుస్తాయి. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే అసలు హద్దులు ఇంకా వెడల్పవుతాయే తప్ప ఇరుకవవు.

హద్దు దాటిన సంఖ్య మీ కాగితాల్లో ఒకటుంది. పట్టికతో పాటు పంపిన రిజిస్టరు పేజీల ప్రకారం మార్చిలో 9వ రూటులో 21 క్యాన్లు పులిశాయి. ఆ నెల సగటు 8 కాబట్టి పై హద్దు 16, 17 మధ్య ఉంటుంది. ఇక్కడ ప్రత్యేకంగా ఏదో జరిగింది. ఏం జరిగిందో కూడా అదే పేజీ అంచున పెన్సిలుతో రాసి ఉంది: వాగు మీద కల్వర్టు పనుల వల్ల బండి చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. అంటే కారణం మీ ఆఫీసులోనే, మీ రిజిస్టరులోనే ఉంది. అయినా ఆ సూపర్‌వైజరుకు అందరికీ ఇచ్చినట్టే ఒక మెమో, ఒక కోత ఇచ్చి ఊరుకున్నారు. ఆరా తీయవలసిన ఒకే ఒక్క చోట ఆరా తీయకుండా, ఆరా అక్కరలేని చోట శిక్షలు వేశారన్నమాట. ర్యాంకులు చేసే నష్టంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. అవి అసలు సంకేతాన్ని మామూలు హెచ్చుతగ్గుల్లో కలిపేస్తాయి.

మీ ఎండీ గారి నిబంధననే ఇంకోవైపు నుంచి చూడండి. నెలకు ముగ్గురి చొప్పున ఏడాదికి 36 మెమోలు. వాటిని పదిమందికి పంచితే మనిషికి సగటున 3.6. ఉద్యోగం పోవడానికి కావలసినవి మూడే. చీట్లు తీసి మెమోలు పంచినా ఒక్కొక్కరికి ఏడాదిలో కనీసం మూడు మెమోలు వచ్చే అవకాశం నూటికి 75 వంతుల దగ్గర తేలుతుంది. మీ సూపర్‌వైజర్లు పదిమందీ దేశంలోకెల్లా గొప్పవారైనా, పులిసిన క్యాన్లు రూటుకు రెండుకు మించకపోయినా, పదిమందిలో ఎప్పుడూ చివరి ముగ్గురు ఉంటారు కాబట్టి ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది మంది ఇంటిదారి పట్టవలసిందే. 5వ రూటు సూపర్‌వైజరుకు జనవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో మెమోలు వచ్చాయి, ఫిబ్రవరిలో మాత్రం ఆయన రెండో స్థానంలో ఉన్నాడు. ఏప్రిల్ బహుమతి గెలిచిన 4వ రూటు మార్చిలో ఎనిమిదో స్థానంలో ఉండి మెమో తీసుకున్నదే. నెల రోజుల్లో ఒక మనిషి ఆలోచనా తీరు, పనితనం అంతగా మారతాయా అని ఎండీ గారిని అడిగి చూడండి.

మెమో ఇచ్చిన మరుసటి నెల లెక్క తగ్గుతోందన్న ఆయన మాటకు జవాబు కావాలి, ఎందుకంటే ఆయన చూస్తున్నది నిజమే. ఇలాంటిదే ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తతో వాదించారు. బాగా నడిపిన కుర్రవాణ్ణి మెచ్చుకుంటే తరువాతిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ణి తిడితే తరువాతిసారి బాగా నడుపుతున్నాడు, కాబట్టి తిట్లే మేలని వారి వాదన. ఆయన చూపించినది ఏమిటంటే, ఒకసారి సగటుకు బాగా దూరంగా పోయిన ఫలితం తరువాతిసారి సగటు వైపు రావడం సహజం, దానికి తిట్టుతోనూ మెప్పుతోనూ పని లేదు. మీ 14 మే నెలలో 10కి దిగవచ్చు, ఆ ఘనత మెమోకు దక్కుతుంది. 4వ రూటు 5 నుంచి 9కి పెరగవచ్చు, అప్పుడు బహుమతి వల్ల తలకెక్కిందంటారు. ఈ రెండు మాటలూ వినడానికి ఎంతో సబబుగా ఉంటాయి కాబట్టే ఈ భ్రమ తొందరగా వదలదు.

ఈ మాట చెప్పడానికి నాకు అర్హత ఉందో లేదో కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట నేను ఒక స్పిన్నింగ్ మిల్లులో ఉండగా, దారం ఎక్కువగా తెగుతోందని పగటి షిఫ్టు వాళ్లకు వేసవి పొడుగునా నేనే మెమోల మీద సంతకాలు చేశాను. రాత్రి షిఫ్టు వాళ్లను చూసి నేర్చుకోమని కూడా రాశాను. హాల్లో గాలికి తడినిచ్చే యంత్రం నాజిళ్లు సగం పూడిపోయాయనీ, మధ్యాహ్నం గాలి పొడిబారి దారం పెళుసెక్కి తెగుతోందనీ, రాత్రి ఆ ఇబ్బంది ఉండదనీ వర్షాలు పడి లెక్క దానంతటదే తగ్గాక గాని నాకు తట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనం తేలికగా అనేస్తాం. ఆ వేసవిలో మద్దెల నిజంగానే ఓడు.

డెమింగ్ అనే అమెరికన్ గణాంక శాస్త్రజ్ఞుడు, 1950లో జపాన్ పరిశ్రమల అధిపతులకు పాఠాలు చెప్పినవాడు, తరువాతి కాలంలో తన తరగతుల్లో ఒక ఆట ఆడించేవాడు. ఒక పెట్టెలో 3,200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు కలిపి పెట్టేవాడు. ఆరుగురు "పనివాళ్లు" 50 గుంటలున్న చెక్కను అందులో ముంచి తీయాలి. ఎర్ర పూస వస్తే లోపం. తక్కువ వచ్చినవాళ్లను పొగిడి, ఎక్కువ వచ్చినవాళ్లను మందలించి, చివరికి సగం మందిని పనిలోంచి తీసేసేవాడు. మిగిలినవాళ్లతో ఆడినా మళ్లీ సగటున పది దగ్గరే వచ్చేవి, ఎందుకంటే పెట్టెలో అయిదో వంతు ఎర్ర పూసలే. మీ ఎండీ గారికి పుస్తకాలు చూపించకండి. ఒక బేసిన్‌లో బొబ్బర్లు పోసి, అయిదో వంతు గింజలకు ఎర్ర రంగు పూసి, మీ మీటింగులో ఆయన చేతే గరిటెతో తీయించండి. రెండుసార్లు ఆయనకే మెమో వస్తే మూడోసారి అక్కరలేదు.

ఇక మీ పెట్టెలో ఎర్ర పూసలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. మీ ఉత్తరం చివర యథాలాపంగా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఫిబ్రవరి నుంచి ప్రొడక్షన్ విభాగం ఊక ఖర్చు తగ్గించింది. బాయిలరు ఆవిరి వెళ్లే చోట్లలో క్యాన్లు కడిగే యంత్రం ఒకటి. అక్కడ వేడినీళ్ల వేడి తగ్గినా, ఆవిరి పట్టించే సమయం తగ్గినా క్యాను పైకి మెరుస్తూనే ఉంటుంది. మూత కింద రబ్బరు రింగు ఉంటుంది చూడండి, దాన్ని గోటితో పైకి లేపి వాసన చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాత పాల జిడ్డు అక్కడే పట్టుకుని ఉంటుంది. లోపల తడి ఆరకుండానే మూత బిగించి రూటుకు పంపితే, మరునాడు పాలు పోసేసరికి సూక్ష్మజీవుల విత్తనం క్యానులో సిద్ధంగా ఉంటుంది. పాలు పొదుగు నుంచి 37, 38 డిగ్రీల వేడితో వస్తాయి, ఆ వేడి వాటికి ఎంతో అనువైనది. కూలింగ్ యూనిట్‌లో 4 డిగ్రీలకు దించేదాకా గడిచే ప్రతి అరగంటా మీ 40 లీటర్ల క్యానుకు గండమే.

ఊకే దోషి అని నేను తీర్పు చెప్పడం లేదు. జనవరి నుంచి ఏప్రిల్‌కు ఎండ పెరిగింది, ఎండతో కరెంటు కోతలూ పెరిగి ఉంటాయి. అందుకని రెండు పనులు చేయండి. పోయిన ఏడాది ఇవే నెలల రిజిస్టర్లు తీసి పక్కన పెట్టి చూడండి, ఎండ వల్ల ఏటా ఎంత పెరుగుతుందో తేలుతుంది. తరువాత, ఏవైనా మూడు రూట్ల క్యాన్లను నెల రోజులపాటు పాత పద్ధతిలో పూర్తి వేడితో కడిగించి, బోర్లించి ఆరబెట్టి పంపించండి. మిగిలిన ఏడింటినీ ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి. ఏ మూడు రూట్లో చీట్లు తీసి నిర్ణయించండి, మీకు నచ్చినవాళ్లను ఎంచుకోవద్దు. ఆ మూడింటి సగటు తగ్గితే, ఊకలో మిగిలిన డబ్బు ఎంతో, పులిసిన పాలలో పోయిన డబ్బు ఎంతో ఒకే కాగితం మీద రాసి ఎండీ గారి ముందు పెట్టవచ్చు. విభాగాలన్నీ విడివిడిగా మొదటి ర్యాంకు తెచ్చుకున్నా సంస్థ మొత్తం నష్టపోవచ్చునని రస్సెల్ అకాఫ్ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ పండితుడు జీవితమంతా చెప్పాడు. లోకంలోని అన్ని కార్ల నుంచీ మేలైన ఇంజన్‌ను ఒక దాని నుంచి, మేలైన బ్రేకులను ఇంకో దాని నుంచి తెచ్చి కూర్చితే మంచి కారు రాదు సరికదా, అసలు కారే రాదన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. ప్రొడక్షన్ మేనేజరు గారి మీద మాత్రం కోపం తెచ్చుకోకండి. ఆయనను ఏ కొలతతో కొలిచారో ఆ కొలతలో ఆయన బాగానే పనిచేశాడు.

అదుపు బిగించడం గురించి అడిగారు. మీ కూలింగ్ యూనిట్ దగ్గర డీజిల్ జనరేటరు ఉంటుంది, దానికి గవర్నరు అనే పరికరం ఉంటుంది. కంప్రెసర్ అందుకోగానే లోడు పడి ఇంజను వేగం తగ్గబోతుంది, గవర్నరు ఆ క్షణంలోనే డీజిల్ పెంచి వేగాన్ని 1,500 చుట్ల దగ్గర నిలబెడుతుంది. కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉండడానికి కారణం అదే. ఇప్పుడు ఆ గవర్నరు తీసేసి, వేగం పడిపోయినప్పుడల్లా రిజిస్టరులో రాసుకుని, వచ్చే నెల పదో తేదీన హెడ్డాఫీసు నుంచి డీజిల్ పెంచమని ఉత్తర్వు వస్తుందనుకోండి. మీ మెమో సరిగ్గా ఆ ఉత్తర్వే. పాలు పులవడానికి కొన్ని గంటలు చాలు, మెమో చేరడానికి నెల పైన పడుతుంది. ఎంత గట్టి మెమో అయినా ఆ దూరాన్ని పూడ్చలేదు. గవర్నరులో రెండు గుణాలు గమనించండి: తేడా పుట్టిన చోటే దానికి తెలుస్తుంది, సరిదిద్దే మీట కూడా దాని చేతిలోనే ఉంటుంది. మీ సూపర్‌వైజరుకు మొదటిది సగం ఉంది, రెండోది లేదు. కరెంటు పోతే జనరేటరుకు డీజిల్ పోయించడానికి కూడా ఆయన ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలని మీరే రాశారు.

రాస్ ఆష్‌బీ అనే ఇంగ్లీషు మనోవైద్యుడు 1956లో చెప్పిన సూత్రం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. దేన్నయినా అదుపులో ఉంచాలంటే, అది ఎన్ని రకాలుగా గాడి తప్పగలదో అన్ని రకాలుగా స్పందించే శక్తి అదుపు చేసేవాడికి ఉండాలి. రూటులో కరెంటు పోతుంది, టైరు పేలుతుంది, పెళ్లిళ్ల రోజుల్లో పాలు ఆలస్యమవుతాయి, ఒక రైతు నిన్న సాయంత్రం మిగిలిన చెంబెడు పాలు తెచ్చి పోస్తాడు, దానితో క్యాను మొత్తం పోతుంది. ఇన్ని రకాల గండాలకు హెడ్డాఫీసు దగ్గరున్నది ఒకే ఒక్క స్పందన, 1,000 రూపాయల కోత. కాబట్టి సూపర్‌వైజరుకు కొంత డబ్బు, కొంత అధికారం ఇవ్వండి: అడగకుండా డీజిల్ కొనడానికి, బండి చెడితే ఆటో మాట్లాడడానికి, సగం నిండిన బండిని ముందే పంపించడానికి, అనుమానం వచ్చిన చెంబును క్యానులో పోయనివ్వకుండా పక్కన పెట్టడానికి. టొయోటా కర్మాగారాల్లో మామూలు కార్మికుడు కూడా లోపం కనిపిస్తే తాడు లాగో బటను నొక్కో సాయం పిలవవచ్చు, సరికాకపోతే లైను ఆగుతుంది. అక్కడ అదుపు సడలిందని ఎవరూ అనలేదు.

జీపీఎస్ పెట్టించనివ్వండి. బండి ఎక్కడుందో ముందు సూపర్‌వైజరుకూ, కేంద్రంలో పాలు పోసుకునేవారికీ కనిపించాలి, ఆ తరువాతే హెడ్డాఫీసుకు. అప్పుడది గవర్నరులా పనిచేస్తుంది. ముందే హెడ్డాఫీసుకు పోతే అది ఇంకో మెమో పుస్తకమవుతుంది. కెమెరాల డబ్బుతో ప్రతి కేంద్రానికీ ఒక మంచి థర్మామీటరు, క్యాన్లు బోర్లించి ఆరబెట్టే ఇనుప స్టాండు కొనమనండి. కెమెరా పాలను చల్లబరచదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు మెత్తగా ఉండకూడదు. మీ వ్యాపారంలో కొలతను మోసం చేయడం ఎంత పాతదో మీకు నేను చెప్పనక్కరలేదు. లీటర్లకు డబ్బిస్తే నీళ్లు కలిపారు, పాల చిక్కదనం చూసే ల్యాక్టోమీటరు పెడితే దాన్ని తేల్చడానికి చక్కెర, యూరియా కలిపారు, వెన్న శాతం చూస్తే నూనెలు కలిపారు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో బ్రిటన్ ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట, అదుపు కోసం వాడే కొలత ఆ ఒత్తిడికే చెడిపోతుందన్నది, మన పాల కేంద్రాల్లో ఏనాడో రుజువైంది. ఇప్పుడు పులిసిన క్యానుకు శిక్ష పెట్టారు కాబట్టి, పులుపు తెలియకుండా సోడా కలిపే ప్రమాదం రేపో మాపో వస్తుంది, ఇప్పటికే వచ్చి ఉండవచ్చు కూడా. పాలలో సోడా కలిసిందేమో పట్టిచ్చే రోసాలిక్ ఆమ్లం పరీక్ష గేటు దగ్గర రోజూ జరుగుతోందో లేదో చూడండి. మీ లెక్క అకస్మాత్తుగా రెండుకో మూడుకో పడిపోయిన రూటు ఉంటే సంతోషించకముందు ఆ రూటు పాలకు ఈ పరీక్ష చేయించండి. సోడా కలిపిన పాలు తాగేది పిల్లలు, అది ఆహార భద్రతా చట్టం కింద నేరం. తెలిసి కలిపినవాడి విషయంలో వ్యవస్థ, సగటు, హద్దులు అంటూ నేను ఒక్క మాట కూడా అడ్డం చెప్పను. కాకపోతే సోడా దాకా మనిషిని తోసినది ఏమిటో కూడా ఆ ఫైలులోనే రాసి పెట్టండి.

డెమింగ్ తన 14 సూత్రాల్లో ఒకదాన్ని భయం పోగొట్టడానికే కేటాయించాడు. అది కేవలం దయ కొద్దీ చెప్పినది కాదని సోడా సంగతి తలచుకుంటే మీకు అర్థమవుతుంది. భయం ఉన్నచోట మీకు పాలు ఎలా ఉన్నా అంకెలు మాత్రం బాగానే వస్తాయి.

ఇక నెలాఖరు లోపల మీరు చేయవలసిన పని. ఎండీ గారి దగ్గరకు పద్ధతి మొత్తం తప్పని వెళ్లకండి. సొంతంగా పెంచుకున్న సంస్థ, పట్టుదల గల మనిషి అయి ఉంటారు, మాట వెనక్కి తీసుకోవడం కష్టం. మూడు నెలలు గడువు అడగండి. ఆ మూడు నెలలూ ర్యాంకులు ప్రకటించవద్దని, హద్దులు దాటిన రూటు మీద మాత్రం అదే రోజు మీరు స్వయంగా వెళ్లి కారణం రాసి ఇస్తానని ఒప్పుకోండి. 36 మెమోలను పదిమందికి పంచిన లెక్కను ఆయన ముందు మాటల్లో చెప్పక, కాగితం మీద ఆయన చేతే వేయించండి.

ఆ మాటకు వెళ్లేముందు రెండు రోజులు తెల్లవారుజామున 5వ రూటు బండిలో కూర్చుని వెళ్లండి. ఒక నోట్‌బుక్‌లో ప్రతి కేంద్రం దగ్గరా పాలు పోయడం ఎప్పుడు మొదలైంది, బండి ఎప్పుడు వచ్చింది, కూలింగ్ యూనిట్‌కు ఎప్పుడు చేరింది, అప్పుడు పాల వేడి ఎంత అనేవి రాయండి. దారిలో సూపర్‌వైజరును ఏమీ అడగకండి, ఆయనే చెబుతాడు. ఖాళీ క్యాన్లు దించేటప్పుడు నాలుగైదు మూతల కింది రబ్బరు రింగులు లేపి చూడండి. 14 సంఖ్యకు ఆ దారిలో కారణం దొరికితే దాన్ని సరిచేయండి. ఏదీ దొరక్కపోతే, ఆయనను తీసేయడానికి మీ దగ్గర ఆధారం లేదని మేనేజరుగా మీ సంతకంతో ఎండీ గారికి రాసి ఇవ్వండి.